ఆ రెండు కాల్స్ ఎవరివి?

అల్లూరు నుంచి నెల్లూరుకి ఫోన్ చేస్తే సగం మాటలు "హలో, వినపడతా ఉందా?"కే సరి. కొత్త ఫోన్ కొనమంటారు. కొన్నాం, కళ్ళు మూడొచ్చాయి, చెవి మాత్రం పాతదే.

తెగిన కాల్‌కి రూపాయి చొప్పున, రోజుకి మూడింటి దాకా ఇవ్వాలని 2015లో ట్రాయ్ నిబంధన పెట్టింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి రెండు తెగినా ప్రమాణం లోపలే కదా, జరిమానా ఎందుకన్నది కంపెనీల వాదన.

నేనడిగేది, ఆ రెండూ ఎవరివి? పట్నంలో ఒక్కటీ తెగకపోతే, ఇక్కడ రొయ్యల గుంట గట్టున పదికి రెండు తెగినా సగటు చెడదు. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయని చెప్పే కాల్ తెగిందంటే, తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. రూపాయి మాకొద్దు. సగటు కాదు, మా టవర్ లెక్క మా ఊరికి చెప్పండి.