మన రక్తం లెక్క మనకూ చెప్పాలి

మెడిసిన్ చదివే పిల్లల చేత చిన్న పరిశోధన చేయించే పథకం ఐసీఎంఆర్‌లో 1979 నుంచి ఉంది. షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అంటారు. రెండు నెలల పని. మిర్యాలగూడలో ఉండే మా చెల్లెలి కూతురికి అది వచ్చినప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పీజీ సీటుకు చదువుకోక ఊళ్లు తిరగడమెందుకు?" అదే మగపిల్లాడైతే ఇంత గట్టిగా అనేవారు కాదేమో.

నేను మాత్రం తిరగనివ్వమన్నాను. ఆ పిల్ల ఎంచుకున్నది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువే. సూర్యాపేటలో మా వీధినే తీసుకోండి, సగం మందికి పైగా అన్నమాట! మనమేమో నీరసమంటూ అన్నం తినగానే టీ తాగుతాం. ఆ టీయే తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదట.

డబ్బు సంగతీ చెప్పాలి. గైడ్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతివ్వాలి, పని చేసి రిపోర్టు పంపాలి. అది ఆమోదిస్తేనే స్టైపెండు, సర్టిఫికెట్. అప్పటిదాకా ఆటో ఛార్జీలు, జిరాక్సులు ఇంటి ఖర్చే. ఆ మాత్రం పెట్టుకోలేని ఇంటి పిల్ల అసలు దరఖాస్తే పెట్టదు. సగమైనా ముందే ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక జవాబులు చెప్పే ఆడవాళ్ల మాట. కోదాడ దగ్గర ఒక ఊరికి ఆ పిల్లకు తోడు వెళ్లాను. పొయ్యి మీద కూర దించి వచ్చి, అత్తగారి ముందే నెలసరి గురించి చెప్పారు పాపం. ఒకామె అడిగింది: "బిడ్డా, రాసుకపోతున్నవు గానీ, నా రక్తమెంతుందో నాకు చెప్తవా?" మా అమ్మాయి చీటీ మీద అంకె రాసిచ్చి, పన్నెండు ఉండాలమ్మా అని చెప్పి, ఎక్కడ చూపించుకోవాలో కూడా చెప్పింది.

అసలైన పరిశోధన అదేననిపించింది నాకు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరుంది. మన జిల్లా పేరు పుస్తకాలకెక్కినా, మంచినీళ్ల కోసం మన ఊళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి కదా!

అందుకే, అలాంటి పిల్లలు గడపలోకి వస్తే తలుపేయకండి. కాగితం మీద సంతకం పెట్టే ముందు తెలుగులో చదివించుకోండి. ఇష్టం లేని ప్రశ్నకు చెప్పనని అనండి, ఆ హక్కు మనకుంది. పరీక్ష చేస్తే ఫలితం అడిగి తీసుకోండి. మీ ఇంట్లోనే అలాంటి అమ్మాయి ఉంటే, ఆ రెండు నెలలు వంట పని చెప్పకండి.