ఏడు స్థానాలు, ఎవరి ఓట్లు?

చట్టసభలలో మన ప్రాతినిధ్యం గురించి చర్చ వచ్చినపుడెల్లా పెద్దల నోట ఒక మాట వినవస్తుంది: “తెల్లవారి కాలంలో మనకంటూ సీట్లు ఉండేవి.” ఈ మాట నిజమే, కాని సగం నిజం. మిగిలిన సగాన్ని కూడ మన బిడ్డలకు తెలియజేయవలసి ఉన్నదని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

1909 నాటి చట్టం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలను ఏర్పరచింది. 1935 భారత ప్రభుత్వ చట్టం మద్రాసు రాష్ట్రానికి రెండు సభలను ఇచ్చింది. 215 మంది సభ్యులు గల శాసనసభలో 28 స్థానాలు, ఎగువ సభయైన శాసన మండలిలో ఎన్నికయ్యే 46 స్థానాలలో 7 ముస్లింలకు కేటాయించబడ్డాయి. ఆ స్థానాలకు అభ్యర్థులూ ముస్లింలే, ఓటర్లూ ముస్లింలే. 1937లో తొలి ఎన్నికలు జరిగాయి.

విశాఖపట్నం నుండి మలబారు వరకు, ఇరవైకి పైగా జిల్లాలకు ఆ ఏడే స్థానాలు. ఇక ఓటు ఎవరిది? దిగువ సభకే బ్రిటిష్ ఇండియా జనాభాలో సుమారు 14 శాతానికి ఓటు దక్కింది. ఎగువ సభకు అంతకంటె ఎంతో తక్కువ మందికి. భారీగా శిస్తు కట్టే భూస్వామి, ఆదాయపు పన్ను చెల్లించే వర్తకుడు, బిరుదులు పొందినవారు, పెద్ద పదవులు చేసినవారు మాత్రమే ఆ జాబితాకెక్కారు. బందరు రేవులో మూటలు మోసిన కూలికి, గుడివాడలో బట్టలు కుట్టిన దర్జీకి, దివిసీమలో కౌలుకు దున్నిన రైతుకు ఆ ఏడు స్థానాలు పేరుకు మాత్రమే తమవి.

స్వాతంత్ర్యానంతరం ఈ ఏర్పాటు తొలగిపోయింది. 1947 ఆగస్టులో రాజ్యాంగ పరిషత్తులో ప్రత్యేక నియోజకవర్గాలను నిలపాలని మద్రాసు ప్రతినిధి బి. పోకర్ సాహెబ్ కోరగా సభ తిరస్కరించింది. 1949 మేలో మత అల్పసంఖ్యాకులకు రిజర్వు స్థానాలు కూడ వద్దని నిర్ణయించింది. ఆ లోటు నేటికీ మనలను బాధిస్తున్నది. దానిని మేము కాదనము. అయితే అదే రాజ్యాంగం 325వ అధికరణం ద్వారా మతం కారణంగా ఎవరినీ ఓటరు జాబితా నుండి తప్పించరాదని శాసించింది. ఆస్తి లేని ముస్లింకు తొలిసారిగా ఓటు వచ్చింది.

మన శాసన మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మళ్ళీ వచ్చింది. రిజర్వు స్థానమేదీ లేకుండానే ఎం.ఎ. షరీఫ్ గారు 2019 నుండి 2021 వరకు దాని అధ్యక్ష పీఠంపై కూర్చున్నారు. నేడు 58 మంది సభ్యులు గల ఆ మండలిలో ఐదుగురిని పట్టభద్రులే ఎన్నుకుంటారు. మనది కృష్ణా–గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గం. 2025 ఫిబ్రవరి 27న దానికి ఎన్నిక జరిగింది.

ఆ ఎన్నికకు ముందు మేము బందరులోను, అవనిగడ్డ వైపున కొన్ని ఇళ్ళకు వెళ్ళాము. ఒక ఇంట తండ్రి బి.కాం., ఇద్దరు కుమార్తెలు బి.ఎస్సీ., బి.ఇడి. జాబితాలో ఒక్కరి పేరూ లేదు. “ఓటరు కార్డు ఉన్నది కదా, అదే చాలుననుకున్నాము భాయీ” అన్నారు ఆయన. అటువంటి ఇళ్ళు మాకు ఇంకా ఎన్నో ఎదురైనాయి.

ఆ కార్డు దీనికి చాలదు. పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. క్రిందటిసారి పేరు ఉన్నవారు సైతం మళ్ళీ ఫారం 18 నింపి, డిగ్రీ పత్రం నకలు జతపరచాలి. అర్హత తేదీయైన నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్ళు నిండి ఉండాలి. ఈ దరఖాస్తులను వార్డు, గ్రామ స్థాయిలోనే స్వీకరించాలని అధికారులను కోరుదాము. అదే సమయంలో ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలోని పట్టభద్రుల పేర్లు, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు, ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. తెల్లవారి నాడు మన పేదలను జాబితాకు దూరం చేసింది చట్టం. నేడు మన చదువుకున్న బిడ్డలను దూరం చేస్తున్నది చాలవరకు మన ఏమరుపాటే. ఆ పుస్తకం పని వచ్చే జుమా నాడే మొదలుపెట్టవచ్చును.