ఊసరవెల్లికి ఏం పెట్టాలి?

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనవాళ్ళు ఎందుకన్నారో గానీ, ఎంత ముదిరినా తొండ తొండే, ఊసరవెల్లి ఊసరవెల్లే. రెండూ వేర్వేరు కుటుంబాలు. సరే, సామెత పుట్టించినాయన్ని వదిలేద్దాం. పార్టీ మారిన ప్రతి నాయకుణ్ణీ దీనితో పోల్చడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పాపం, అది రంగు మార్చేది పదవి కోసం కాదు. కోపమొచ్చినా, భయమేసినా, ఒంటికి వేడి చాలకపోయినా మారుస్తుంది. చర్మంలోని అతి సన్నని స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల ఇదంతా జరుగుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. మా భాషలో చెప్పాలంటే ఆ రంగు దాని స్టేటస్ మెసేజ్. అది చదవడం రానివాడు దాన్ని పెంచలేడు.

ఈ సోదంతా ఎందుకంటే, వానాకాలంలో ఓ ఆదివారం ధూల్‌పేట్ వెళ్ళాను. మా అపార్ట్‌మెంట్ వినాయకుడికి అడ్వాన్స్ ఇచ్చి రావాలి. సందుల్లో ఎటు చూసినా పరదాల కింద సగం రంగులేసిన విగ్రహాలు. బేరం సాగుతుండగా ఆ ఇంటి పిల్లాడు, పదేళ్ళుంటాయేమో, ఓ ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు. మూతకి చిల్లులు పొడిచాడు. లోపల చూపుడువేలంత ఊసరవెల్లి పిల్ల. "భయ్యా, గిర్గిట్! ఇస్‌కో క్యా ఖిలానా?" అన్నాడు. డబ్బాలో అప్పటికే నానబెట్టిన శనగలూ, టమాటా ముక్కా, సీసా మూతలో నీళ్ళూ ఉన్నాయి. ప్రేమకేం లోటు లేదు. కానీ పిల్ల మాత్రం నల్లగా మాడిపోయినట్టుంది. పచ్చగా ఉండాల్సింది అలా నల్లబడిందంటే హడలిపోయి ఉందని అర్థం.

వాడు పెట్టిన వాటిలో ఒక్కటీ అది తినదు. కదలని దాన్ని అది తిండి అనుకోదు. ఈగలు, చిన్న చిన్న మిడతలు, కీచురాళ్ళు కావాలి, అదీ ప్రాణంతో. పెద్దవైతే రోజు విడిచి రోజు పెట్టినా నడుస్తుంది గానీ పిల్లలకి రోజూ పడాలి. పురుగు దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా వెడల్పుగా ఉండకూడదు. నీళ్ళ సంగతి ఇంకా విచిత్రం. గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్ళు దానికి నీళ్ళుగా తోచవు. ఆకుల మీద నుంచి జారే చుక్కల్ని నాకుతుంది. గిన్నె నిండా నీళ్ళు ముందున్నా దాహంతో చచ్చిపోగలదన్న మాట!

అసలు చిక్కు ఇక్కడ కాదు, ఎముకల దగ్గర. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. చెట్టు మీదుంటే రకరకాల పురుగులు తిని, రోజంతా ఎండ కాచుకుని సర్దుకుంటుంది. ఎండలోని యూవీ-బీ కిరణాలు పడితేనే ఒంట్లో డి3 తయారవుతుంది, అదుంటేనే కాల్షియం ఒంటబడుతుంది. ఇంట్లో పెట్టి ఒకే రకం పురుగులు వేస్తే పెరిగే పిల్లకి కాళ్ళు వంకర్లు పోతాయి, దవడ మెత్తబడుతుంది, ఆఖరికి నాలుక బయటికి విసరలేదు. ఎదురుగా ఈగ వాలి ఉంటుంది, చూస్తుంది, పట్టలేదు. కిటికీ దగ్గర పెడితే చాలదా అంటారేమో. మామూలు అద్దం ఆ యూవీ-బీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. పోనీ గాజు తొట్టెని నేరుగా ఎండలో పెడదామంటే, మన హైదరాబాద్ ఎండకి అది తొట్టె కాదు, పొయ్యి.

ఇదంతా నా అంతంతమాత్రం హిందీలో చెప్పేసరికి వాడి మొహం చిన్నబోయింది. "మర్ జాయేగా క్యా?" అన్నాడు. డబ్బాలో ఉంటే అంతే అన్నాను. ఇంతలో వాళ్ళ నాన్న దానికి విషముంటుందని కేకలేశారు. ఆయన్నేం అనను, మా ఊళ్ళోనూ ఇదే మాట చెప్పి రాళ్ళతో కొడతారు. దానికి విషం లేదు, ఏ ఊసరవెల్లికీ లేదు. పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డు పొదల్లో దొరికిందట. ముగ్గురం నడిచెళ్ళి అక్కడే ఓ కొమ్మ మీద పెట్టాం. తోకతో కొమ్మని చుట్టేసి, రెండు కళ్ళూ చెరో వైపు తిప్పి, ఊగుతూ ఊగుతూ లోపలికి పోయింది. పిల్లాడు చాలాసేపు కదల్లేదు. నాకైతే వాడు కొనుక్కునే ఏ బొమ్మ కన్నా ఆ పది నిమిషాలే ఎక్కువనిపించింది.

మన ఊసరవెల్లిని పెంచుకోవడం చట్టప్రకారం కూడా కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతుంది. పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది, జైలు దాకా వెళ్ళే నేరం. ఇంతుందని తెలియక జీతాలొచ్చిన కొత్తలో పెట్టెలో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మిత్రులూ ఉంటారు. ధూల్‌పేట్ పిల్లాడికి తెలియకపోవడంలో వింతేముంది? గాయపడింది కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకుండా అటవీశాఖ వాళ్ళకి చెప్పండి.

యెమెన్ నుంచో మడగాస్కర్ నుంచో వచ్చిన జాతులు కొనేవాళ్ళ సంగతి వేరు. అవీ అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నవే. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు ఉండాలి. కాగితాలు లేకుండా అమ్మజూపితే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం దాని కర్మకి వదిలెయ్యొద్దు. గాలాడే జాలీ పంజరం, లోపల నిజం మొక్కలు, రోజుకి రెండు మూడుసార్లు ఆకుల మీద నీళ్ళు. పురుగులకి ముందురోజు ఆకుకూరలు మేపి, భాస్వరం లేని కాల్షియం పొడి చల్లి వెయ్యండి. రాత్రికి తినగా మిగిలిన కీచురాళ్ళు తీసెయ్యాలి, లేకపోతే అవే దాన్ని కొరుకుతాయి. పొలాల్లోనో పార్కుల్లోనో పట్టినవి పెట్టొద్దు, మందు కొట్టి ఉంటారు. ఒక్కో పంజరంలో ఒక్కటే. రెండుంటే తోడనుకుంటాం మనం, అవి శత్రువనుకుంటాయి.

ఇంకోటి. యూవీ-బీ ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, కానీ ఏడాది తిరిగేలోపు అందులో యూవీ-బీ పడిపోతుంది. సర్వర్ ఆన్‌లో ఉంది గానీ సర్వీసు పనిచెయ్యట్లేదన్నట్టు :) కొన్న తేదీ దాని మీదే రాసుకోండి. పట్టపగలు కళ్ళు మూసుకుని కూర్చుందంటే మాత్రం నిద్రనుకోకండి. ఆ రోజే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళండి.