పెండ్లికుమార్తె ఫోటోకు కిటికీ వెలుగు చాలు



వేసవి వచ్చిందంటే మన సంఘాలలో పెండ్లిండ్ల సందడి మొదలవుతుంది. పందిరి, భోజనాలు, బంధువుల బసలు, వీటన్నిటి గురించి ఇంటిల్లిపాదీ నెలల ముందు నుంచే మాట్లాడుకుంటారు. పెండ్లికుమార్తె ఫోటో సంగతి మాత్రం ఆ రోజుకు వదిలేస్తారు. తీరా మందిరానికి ఆలస్యమవుతుందన్న కంగారులో ఆమెను ఎండలో నిలబెట్టి గబగబా నాలుగు ఫోటోలు తీయించేస్తారు. పందిరి మర్నాడే విప్పేస్తాము. ఆ ఫోటో అయితే పుట్టింటి గోడ మీద నలభై ఏళ్లు ఉంటుంది. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము.

తెల్లచీర తెచ్చే చిక్కు

ఇంగ్లండు రాణి విక్టోరియా 1840 ఫిబ్రవరి 10న తన పెండ్లికి తెల్లని గౌను ధరించిన తరువాత ఆ వాడుక బాగా వ్యాపించింది. మన దగ్గర అది తెల్లచీర, మేలిముసుగు అయింది. ఎంతో హుందాగా ఉండే ఈ తెలుపే కెమెరాకు చిక్కు తెస్తుంది. కెమెరా తన ఎదుట ఉన్న ప్రతిదానినీ మధ్యరకం వెలుగుగా లెక్కకట్టుకుంటుంది. ఫోటో నిండా తెల్లచీర ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అప్పుడు చీర మాసినట్టు, ముఖం నల్లగా వస్తాయి. పోనీ ముఖానికి సరిపోయేలా వెలుగు పెంచితే చీర మీది కుట్టుపని, మడతలు కనిపించకుండా తెల్లగా కలిసిపోతాయి. పూర్తిగా అలా పోయిన మడతలను ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు.

ఈ చిక్కు తప్పించుకోవడానికి కొందరు ముఖానికి పౌడరు దట్టిస్తారు. మరికొందరు ఫోటో తీశాక కంప్యూటరులోనో ఫోనులోనో ముఖాన్ని తెల్లగా చేయిస్తారు. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు! కొన్నేళ్లకు ఆమె బిడ్డ ఆల్బం తిప్పుతూ "ఈమె ఎవరమ్మా?" అని అడిగితే ఆ తల్లి ఏమి చెప్పాలి? అంతకంటె బాధ ఏమిటంటే, నీ రంగు ఫోటోకు పనికిరాదని పెండ్లినాడే ఆ పిల్లకు చెప్పినట్టవుతుంది.

లోపం ఆమె రంగులో లేదు. కొడక్ కంపెనీ 1950ల నుంచి ఫోటో ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. ఆ ముఖం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నాయని లెక్క. వేరే రంగుల స్త్రీలు కూడా ఉన్న కార్డులు రావడానికి 1990ల దాకా పట్టింది. కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ముఖం రంగు మార్చకండి. ముఖం మీదికి వెలుగు తెండి.

ఎక్కడ? ఎప్పుడు?

కరెంటు దీపాలు వాడుకలోకి రాకముందు స్టూడియోలవారు పెద్ద అద్దాలు పెట్టి, పగటి వెలుగుతోనే ఫోటోలు తీసేవారు. మన ఇంటి కిటికీ కూడా అలాంటిదే. ఎండ నేరుగా పడని కిటికీని ఎంచుకోండి. ఉదయం పూట పడమటి వైపు కిటికీ గాని వసారా గాని మంచిది. సాయంత్రం తూర్పు వైపు చూసుకోండి. గదిలో ట్యూబులైటు ఆర్పేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖం మీద రంగు తేడా కనిపిస్తుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండ నడినెత్తిన పడి కళ్ల కింద నీడలు తెస్తుంది. ఎర్రని, నీలపు షామియానా కింద ఫోటో తీస్తే ఆ రంగు చీరకూ ముఖానికీ అంటుకుంటుంది. పచ్చరంగు గోడ పక్కన నిలబడినా అంతే. తాటాకు పందిరి సందుల్లోంచి పడే ఎండ ముఖం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. అలంకరణ అయ్యాక, మందిరానికి బయలుదేరే ముందు ఒక ఇరవై నిమిషాలు ఫోటో కోసమే కేటాయించండి.

ఎలా నిలబడాలి?

పెండ్లికుమార్తె కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో, కిటికీ వైపు కొంచెం ఏటవాలుగా తిరిగి నిలబడాలి. వెలుగు ఒక చెంప మీద నిండుగా పడుతుంది. రెండవ చెంప చీకటైపోకుండా, ఆ పక్కన చెల్లెలో వదినగారో ఒక ఉతికిన తెల్లదుప్పటిని చాపి పట్టుకోవాలి. థర్మకోలు షీటు ఉన్నా సరే. దుప్పటిని దగ్గరకు తెచ్చేకొద్దీ చెంప మీద వెలుగు పెరగడం మీ కళ్లకే తెలుస్తుంది. ఆమె కళ్లలో కిటికీ వెలుగు చిన్న చుక్కలా మెరుస్తోందా అని చూడండి. మెరవకపోతే ముఖాన్ని వెలుగు వైపు మరికొంచెం తిప్పమనండి.

బరువు వెనుక కాలి మీద ఉంచి, భుజాలు వదులు చేసి, గడ్డం కాస్త ముందుకు, కాస్త కిందికి ఉంచితే చాలు. పూలగుత్తిని రొమ్ముకు ఎత్తిపట్టకుండా నడుము దగ్గర పట్టుకోవాలి. మేలిముసుగు నీడ కళ్ల మీద పడకూడదు.

ఫోనుతో తీసేవారు తెర మీద ముఖాన్ని వేలితో తాకి, తరువాత చీర మడతలు కనిపించేదాకా వెలుగు తగ్గించాలి. ముఖం ఇంకా చీకటిగా ఉంటే దుప్పటిని దగ్గరకు జరపండి.

ఎవరు దగ్గర ఉండాలి?

లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసమే ఒక స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించారు. పరదా పాటించే స్త్రీలు సంకోచం లేకుండా ఫోటో దిగాలని ఆ ఏర్పాటు. ఆ మర్యాద ఈనాటికీ అవసరమే. ముసుగు, కుచ్చిళ్లు, చేయి సరిచేయవలసింది తల్లి గాని అక్క గాని. ఫోటోగ్రాఫరు నోటితో చెబితే చాలు, ముట్టుకోనక్కరలేదు. ఈ మాట ముందుగానే ఆయనతో మర్యాదగా చెప్పండి. మంచి ఫోటోగ్రాఫరు నొచ్చుకోడు. చుట్టూ మూగిన బంధువులను కాసేపు బయటికి పంపండి. దగ్గర తనవాళ్లు ఉండి మెల్లగా కబుర్లు చెబుతుంటే ఆ పిల్ల ముఖంలో బెదురు పోతుంది. అప్పుడు తీసిన ఫోటోయే నిలుస్తుంది.

డబ్బు తక్కువైనంత మాత్రాన ఫోటో తక్కువ కాదు. కిటికీ, దుప్పటి, ఇరవై నిమిషాల సమయం ప్రతి ఇంటిలోనూ ఉన్నవే. ఫోటో చేతికి వచ్చాక "ముఖం తెల్లగా చేయమంటారా?" అని అడిగితే, "మా అమ్మాయి ఎలా ఉందో అలాగే ఉంచండి" అని చెప్పండి. ఆ మాట ఆమె వినేలా చెప్పండి.