లూజు పోయింది, సాక్చి మిగిలింది

బేతేలు. తెలుగునాట ఎన్నో ఊళ్లలో ప్రార్థనా మందిరాల బోర్డుల మీద కనిపించే పేరిది. హీబ్రూలో 'బేత్' అంటే ఇల్లు, 'ఏల్' అంటే దేవుడు. కలిపితే దేవుని ఇల్లు. అర్థం ఇట్టే తేలిపోయినా దాని వెనక కథ అంత తేలికైనది కాదు. అది ఒక ఊరి పేరు తీసి మరో పేరు పెట్టిన కథ. జంషెడ్‌పూర్‌లోని సాక్చి వాసులకు అలాంటి కథ కొత్తేమీ కాదు.

ఆదికాండం 28వ అధ్యాయం ప్రకారం, అన్న ఏశావు పగకు జడిసి ఇల్లు విడిచిన యాకోబు, పొద్దుగూకడంతో దారిలో ఒక రాయిని తలగడ చేసుకుని పడుకున్నాడు. ఆకాశాన్నంటే నిచ్చెన, దానిపై ఎక్కుతూ దిగుతూ దేవదూతలు కలలో కనిపించారు. తెల్లవారగానే ఆ రాయిని నిలబెట్టి నూనె పోసి, ఆ చోటుకు బేతేలని పేరు పెట్టాడు. కానీ మొదట ఆ ఊరి పేరు లూజు అన్న సంగతిని ఆ గ్రంథం దాచలేదు. లూజు అంటే బాదం చెట్టు.

న్యాయాధిపతుల గ్రంథంలో దీనికి కొనసాగింపు ఉంది. యోసేపు సంతతివారు బేతేలును పట్టుకున్నప్పుడు, లోపలికి దారి చూపిన ఒక వ్యక్తిని ప్రాణాలతో వదిలేశారు. అతను హిత్తీయుల దేశానికి వలసపోయి అక్కడో ఊరు కట్టాడు. దానికి పెట్టిన పేరు లూజు. ఊరు పోగొట్టుకున్నవాడు పేరును మాత్రం వెంట తీసుకెళ్లాడు.

కొత్త పేరుకూ ఎదురుదెబ్బలు తప్పలేదు. యరొబాము రాజు అక్కడ బంగారు దూడను నిలిపాక, హోషేయ ప్రవక్త ఆ ఊరిని బేతావెను అని ఎత్తిపొడిచాడు. అంటే పాపపు ఇల్లు.

సాక్చి సంగతికొస్తే, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ప్రాంతంలోని ఈ పల్లెను ఉక్కు కర్మాగారం కోసం టాటాల బృందం 1907లో ఎంచుకుంది. 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా, ఈజిప్టులతోపాటు బేతేలు ఉన్న పాలస్తీనాకూ వెళ్లాయి. ఆ మేలుకు కృతజ్ఞతగా 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఎవరి పేరు పెట్టారో ఆ జంషెడ్‌జీ టాటా 1904లోనే కన్నుమూశారు. కాలీమాటీ, అంటే నల్లమట్టి, పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది.

బేతేలుకు పేరు పెట్టింది చేతిలో చిల్లిగవ్వ లేని పరారీ మనిషి. జంషెడ్‌పూర్‌కు పెట్టింది సామ్రాజ్య ప్రతినిధి. రెండు పేర్లూ నిలిచాయి. పాత పేర్లకే వేర్వేరు గతి పట్టింది. లూజు గ్రంథంలో మిగిలింది. సాక్చి మాత్రం బజారుగా, పేటగా బతికే ఉంది, కాలీమాటీ ఒక రోడ్డు పేరుగా నిలిచింది.

జనం నోళ్లలో నానే పేరుకు ఆయుష్షెక్కువ. 1838లో అమెరికా పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ రామల్లా దగ్గరి బైతీన్ అనే అరబ్బు పల్లెను చూసి ఇదే బేతేలు అన్నాడు. ఆ గుర్తింపును కాదనే పండితులున్నా, ఆయనకు దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి పల్లె జనం పలికే పేరే.

రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరమైంది. అలహాబాద్ 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది. బోర్డు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. కానీ అంతకు ముందు అక్కడ ఏ పేరుండేదో రాసిపెట్టే నిజాయితీ అన్ని ఉత్తర్వుల్లో కనిపించదు. ఆదికాండం రాసినవారికి అది ఉంది. సాక్చిలో ఆ పని అంగళ్ల బోర్డులే చేస్తున్నాయి.