నీటికంటే ముందు మాట రావాలి



మనకు వరద అంటే కృష్ణమ్మే. పెదకూరపాడుకు దగ్గరలోని అమరావతి, అచ్చంపేట మండలాలు ఆ నది ఒడ్డున ఉన్నవే. మహాబలేశ్వరంలో పుట్టే కృష్ణకు మంచుతో పని లేదు. వాన పడితేనే వరద. పైనుంచి వచ్చే నీరు ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి రావాలి. అందుకే మనకు సర్దుకోవడానికి సాధారణంగా కొంత వ్యవధి ఉంటుంది.

హిమాలయ లోయల్లో ఆ వ్యవధి దొరకదు. ఎండాకాలంలో అక్కడి నదులు కరిగిన మంచుతోనే నిండుగా పారుతుంటాయి. దానిమీద కుంభవృష్టి కురిస్తే రెండు నీళ్ళూ కలిసి ఒక్కసారిగా దిగుతాయి. రెండు వైపులా కొండలు కావడంతో పక్కలకు పరుచుకునే చోటుండదు. నీరు పైకి లేచి, బండరాళ్ళను, బురదను వెంటబెట్టుకుని వస్తుంది.

2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్‌లో జరిగింది ఇదే. పైనున్న చోరాబారి సరస్సు గట్టు కూడా తెగి మందాకిని లోయ అతలాకుతలమైంది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి ఐదు వేలకు పైమాటే. తెలుగు యాత్రికులు ఎందరో అక్కడ చిక్కుకుపోయారు.

ఇది దైవలీల అన్నవారున్నారు. నేను ఒప్పుకోను. వాన మన చేతిలో లేదు, సరే. నది ఒడ్డున లాడ్జీలు కట్టింది మనుషులు కాదా? భారీ వర్షాలు పడతాయని వాతావరణ శాఖ ముందే చెప్పింది. ఆ మాట యాత్రికులను సకాలంలో కిందికి దించే నిర్ణయంగా మారలేదు.

మరుసటి ఏడాది, 2014 జూన్ 8న, హిమాచల్‌లోని బియాస్ నదిలో మన వయసువాళ్ళు, 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అది వాన వరద కాదు, లార్జి డ్యాం నుంచి వదిలిన నీరు. లోపం మాత్రం ఒక్కటే. నీరు వచ్చింది, మాట అందలేదు.

మన దగ్గర మాట వస్తుంది. కానీ ఏ భాషలో? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి రికార్డును దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరని చదువుకున్న మనకు తెలుసు. మా అమ్మ అడిగేది వేరు: "ఇంతకీ నీళ్ళు ఏ బజారుదాకా వస్తాయిరా? ఎన్నింటికి వస్తాయి? గొడ్లను ఎటు తోలాలి?" హెచ్చరిక జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నలకే.

చెప్పినా జనం ఇల్లు వదలరని కొందరు నిందిస్తారు. కూలి చేసుకునేవాడికి ఆ ఇల్లు, ఆ గేదె తప్ప ఇంకేముంది? వాటికి చోటు చూపకుండా లెమ్మంటే ఎలా లేస్తాడు?

తమ్ముళ్ళారా, మన ఇళ్ళలో మొదట చదువుకున్నది మనమే. మీది ఏటి ఒడ్డు ఊరైతే, సెలవుల్లో వెళ్ళినప్పుడు 2009లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దలను అడగండి. ఆ ఎత్తున బడి గోడ మీద గీత గీయించమని పంచాయతీని అడగండి. వరద కబురు రాగానే గుడి మైకులో, చర్చి మైకులో ఆ గీతను చూపి చెప్పండి. విహారయాత్రకు వెళ్ళి కొండ నది చూస్తే ఒడ్డునే ఆగండి. నీరు రంగు మారితే వెంటనే పైకెక్కండి.

పెద్ద అంకెలను అమ్మకు అర్థమయ్యే మాటగా మార్చలేకపోతే మన డిగ్రీలు ఎందుకు?