తెలియని ఫైలు తెరిచే ముందు



పోయిన పెండ్లిళ్ళ కాలములో మా సంఘములోని ఒక సహోదరి ఫోనుకు వాట్సాప్‌లో శుభలేఖ వచ్చింది. పంపినది ఆమె మేనమామ కొడుకు నెంబరు. "మా ఇంట పెండ్లి, తప్పక రావాలి, ఆహ్వానము తెరిచి చూడండి" అని క్రింద రెండు ముక్కలు. బావ పంపినదానికి అనుమానమేమిటని ఆమె నొక్కింది. బొమ్మ రాలేదు. ఫోను ఏదో అనుమతి అడిగింది. అక్షరాలు ఇంగ్లీషువి గనుక తొమ్మిదో తరగతి చదివే కొడుకు చేతికిచ్చింది. వాడు అడిగినచోటల్లా సరే, సరే అని నొక్కుకుంటూ పోయాడు. అంతా అయినా శుభలేఖ కనబడలేదు. నెట్ సరిగా లేదనుకొని ఫోను ప్రక్కన పెట్టేశారు. సాయంకాలము ఆ ఫోనులోనే గ్యాస్ బండకు డబ్బు కట్టారు.

రెండవ నాటి ఉదయానికి ఖాతాలో ఉన్న 18,400 రూపాయలు లేవు. డ్వాక్రా వాయిదాకు, కూతురి నర్సింగు ఫీజుకు కూడబెట్టిన డబ్బు అది. అంతకన్నా మాకు బాధ కలిగించిన సంగతి మరొకటి ఉన్నది. భర్తకు తెలిస్తే ఏమంటాడో, నలుగురిలో నవ్వులపాలవుతానేమో అని ఆమె మూడు రోజులు ఎవరితోను చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఆమె పేరుతోనే అదే శుభలేఖ ఆమె ఫోనులోని నెంబర్లన్నిటికీ పోతూనే ఉన్నది. స్త్రీల సమాజములో పదకొండు మందికి అందింది. వారిలో ఒకామె మాత్రము ఫైలు ముట్టుకోకుండా ఫోను చేసి, "అక్కా, నీ కొడుకు తొమ్మిదో తరగతి గదా, అప్పుడే పెండ్లేమిటి?" అని అడిగింది. అప్పుడు గాని ఈమె నోరు విప్పి ఏడ్వలేదు.

ఆ ఫైలును తరువాత మేము కూడా చూశాము, తెరవలేదు. పేరు పెండ్లి ఆహ్వానమనే ఉన్నది గాని, పేరు చివర చుక్క తరువాత ఏపీకే అనే మూడక్షరాలున్నాయి. సంగతంతా ఆ తోకలోనే ఉన్నది. ఫోనులోను, కంప్యూటరులోను ఫైళ్ళు స్థూలముగా రెండు రకాలు. కొన్ని మనము చూడడానికో, చదవడానికో, వినడానికో ఉన్నవి: జెపిజి అంటే ఫొటో, పిడిఎఫ్ అంటే అచ్చు కాగితము వంటిది, ఎమ్‌పి3 అంటే పాట, ఎమ్‌పి4 అంటే వీడియో. మరికొన్ని చదవడానికి కాదు, పనిచేయడానికి పుట్టినవి. ఏపీకే అనేది ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ను దింపే మూట. కంప్యూటరులో ఇఎక్స్ఇ, ఎమ్ఎస్ఐ, బిఎటి, విబిఎస్ అనేవి ఈ జాతివి. శుభలేఖ చదువుకోవడానికి తెచ్చినవాడిని ఇంట్లో కాపురము పెట్టనక్కరలేదు గదా! ఆ పిల్లవాడు సరే సరే అని చేసినది సరిగ్గా అదే. మెసేజీలు చదివే అనుమతి ఇచ్చాడు, తెర మీద జరిగేదంతా కనిపెట్టే అనుమతీ ఇచ్చాడు. గ్యాస్ డబ్బు కట్టినప్పుడు నొక్కిన పిన్ను, బ్యాంకు పంపిన ఓటీపీ, రెండూ దొంగకు అందాయి. వాడిని మేము తప్పుపట్టము, పెద్దవారే చదవరు.

ఈ మోసము మా ఊరికే పరిమితము కాదు. 2024లో పెండ్లి ఆహ్వానముల పేరిట వచ్చే ఏపీకే ఫైళ్ళను గూర్చి పలుచోట్ల పోలీసులు హెచ్చరించారు. పి.ఎమ్. కిసాన్ డబ్బు అనియు, బండి చలానా అనియు ఇవే ఫైళ్ళు వేరే పేర్లతో తిరుగుచున్నాయి.

తోకను దాచి మోసగించడము మాత్రము పాత విద్యే. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ దేశము నుండి ప్రేమలేఖ పేరుతో ఒక ఈమెయిలు బయలుదేరింది. దానితో వచ్చిన ఫైలు పేరు లవ్ లెటర్ ఫర్ యు, చుక్క, టిఎక్స్‌టి, మళ్ళీ చుక్క, విబిఎస్. విండోస్ చివరి తోకను చూపకుండా దాచుకోవడము వలన జనులు టిఎక్స్‌టి వరకే చూసి, ఉత్తరమే గదా అని తెరిచారు. అది వారి ఫొటోలను చెరిపి, వారి చిరునామా పుస్తకములో ఉన్న అందరికీ తనను తానే పంపుకున్నది. బ్రిటిషు పార్లమెంటు కూడా తన మెయిలు ఆపుకోవలసి వచ్చింది. ఇన్నేళ్ళు గడిచినా విండోస్ ఆ తోకను మామూలుగా దాచే ఉంచుతుంది. గనుక మీ ఇంట కంప్యూటరు ఉంటే, ఫోల్డరు తెరిచి వ్యూ అనేచోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడిలో టిక్కు పెట్టండి. అర నిమిషము పని.

అయితే తెలియని తోక ఉన్న ప్రతి ఫైలూ దొంగది కాదు. ఆ మధ్య మా పాత పాటల పుస్తకమును తిరిగి అచ్చు వేయాలని డి.టి.పి. చేసిన తమ్ముణ్ణి అడిగితే, అతను పిఎమ్‌డి అనే తోకతో ఒక ఫైలు పంపాడు. ఎవరి కంప్యూటరులోను తెరుచుకోలేదు. మా ఆఫీసులోని యువకుడొకరు ఆ ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరు కోసము ఇంటర్నెట్‌లో వెదికి, ఉచితమన్నదాన్ని దింపబోయాడు. ఫైలు మంచిదే, దాన్ని తెరవడానికి తెచ్చే వస్తువులోనే విషము ఉంటుంది. ఇది చాలామంది గమనించరు. అతన్ని ఆపి, తమ్ముడికే ఫోను చేశాము. అది పేజ్‌మేకర్ 7లో చేసిన ఫైలు. ఆ సాఫ్ట్‌వేరుకు 2001లో వచ్చిన ఆ ఏడవ రూపమే చివరిది. పైగా అక్షరాలు పాత అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల గందరగోళముగా కనబడుతుంది. "పిడిఎఫ్ చేసి పంపుతానండీ" అన్నాడు తమ్ముడు. పది నిమిషాలలో పాటలన్నీ తెర మీద ఉన్నాయి.

ఫైలు లోపల ఏముందో దాన్ని నడపకుండానే చూసే ఉపాయము ఒకటి ఉన్నది. కంప్యూటరులో ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కకండి. కుడి బటను నొక్కి, ఓపెన్ విత్ అనేచోట నోట్‌ప్యాడ్‌ను ఎంచుకోండి. నోట్‌ప్యాడ్ అక్షరాలను చూపుతుందే గాని ఫైలును నడపదు. కనబడేదంతా పిచ్చిగీతలే అయినా మొదటి రెండు మూడక్షరాలు చూడండి. పిడిఎఫ్ అయితే శాతము గుర్తు తరువాత పిడిఎఫ్ అనే ఉంటుంది. ఎమ్ జెడ్ అని ఉంటే అది విండోస్‌లో నడిచే ప్రోగ్రాము, పైన శుభలేఖ అని ఉన్నా ఏమున్నా సరే. పికె అని ఉంటే జిప్ మూట. ఆ పద్ధతిని కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలే అవి. వర్డ్ ఫైలు డాక్స్, మన ఏపీకే, రెండూ లోపల జిప్ మూటలే గనుక పికె చూసి ధైర్యపడకూడదు. చూచుట అయిన తరువాత సేవ్ చేయకుండా మూసివేయండి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ వచ్చి ఎనేబుల్ కంటెంట్ అని అడిగితే నొక్కకండి. పిడిఎఫ్ లోపల లింకులుంటే వాటి జోలికీ పోకండి. అనుమానపు ఫైళ్ళను పరీక్షించే వైరస్‌టోటల్ వంటి సైట్లు ఉన్నాయి, మంచివే. కాని అక్కడ పెట్టిన ఫైలు ఇతరులకూ చేరుతుంది. పట్టాదారు పాసు పుస్తకము, ఆధార్, మందిరపు బాప్తిస్మపు రిజిస్టరు వంటివి అటువంటిచోట పెట్టరాదు.

ఫోను విషయములో ఈ రాత్రే చేయదగిన పని ఒకటి ఉన్నది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 మొదలుకొని, బయటి యాప్‌లను దింపే అనుమతి ఏ యాప్‌కు ఆ యాప్‌కే వేరుగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెదకండి. అక్కడ వాట్సాప్ ఎదుట అనుమతి ఉంటే తీసివేయండి. ఇది పిల్లలతో కలిసి కూర్చుని చేయండి, వారికీ తెలుస్తుంది.

ఇప్పటికే నొక్కినవారు మొదట ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరొకరి ఫోను నుండి బ్యాంకుకు, 1930 నెంబరుకు చెప్పండి. సైబరు నేరాలకు దేశమంతటికీ అదే నెంబరు. డబ్బు ఇంకా దొంగ చేతిలోకి పూర్తిగా పోకముందు దారిలో ఆపగలిగే అవకాశము తొలి గంటలలోనే ఎక్కువ. పిన్నులు వేరే ఫోను నుండి మార్చుకోండి. వచ్చిన మెసేజి ఫొటో తీసి ఉంచుకొని, ఆ తరువాతనే ఫోనును తెలిసినవారి చేత రీసెట్ చేయించండి. బంధువులకు మీరే ముందుగా చెప్పండి. మా సహోదరి నాలుగవ రోజున 1930కి చెప్పింది. రెండు వేల చిల్లర ఒక ఖాతాలో నిలిచిపోయి ఉన్నదని తెలిసింది, మిగిలినదాని ఆచూకీ లేదు. భర్త ఆమెను ఏమీ అనలేదు. "ఆ రోజే చెప్తే ఇద్దరమూ పరుగెత్తేవాళ్ళము గదా" అన్నాడట.

మాకు రచనలు పంపేవారికి ఒక మనవి. తెలుగు యూనికోడ్‌లో గాని, పిడిఎఫ్‌గా గాని పంపండి. పంపే ముందు ఫలానాది పంపుచున్నామని ఒక ముక్క వ్రాయండి. చేతితో వ్రాసి పోస్టులో వేసినా సంతోషముగా తీసుకుంటాము.